ఎరుకమ్మ పథ్యం

పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్‌లో ఎవరికి కోత పడినా, ఎవరింట్లో కాన్పు అయినా డాక్టరు చీటీ మందుల షాపుకి వెళ్ళేది, మనిషి మాత్రం ఎరుకమ్మ గుమ్మంలోకి వచ్చేవాడు. ఏం మింగాలో డాక్టరు చెబుతాడు. ఏం తినకూడదో చెప్పడానికి ఎరుకమ్మ ఉంది. ఈ రెండోదానిలోనే అసలు వైద్యం ఉందని వీధిలో చాలామంది నమ్మకం. ఎరుకమ్మకైతే అది నమ్మకం కూడా కాదు, రూఢి.

ఆవిడ లెక్కలో గుడ్డు వేడి చేస్తుంది, పప్పు చీము పట్టిస్తుంది, వంకాయ దురద పెడుతుంది. చేప సంగతి అసలు ఎత్తకూడదు. కోత పడ్డ ఒంటికి చేప తగిలిందంటే లోపలి కుట్లు కుళ్ళిపోతాయట. మరి తినడానికి ఇంకేం మిగిలిందయ్యా అంటే గుజ్జన్నం, మిరియాల చారు, ఉడకేసిన బీరకాయ. చేపలు పట్టుకుని బతికే వీధిలో ఒక మనిషిని నెలల తరబడి చేపకి దూరంగా ఉంచడం మాటలు కాదు. ఎరుకమ్మ ఉంచేది. బతిమాలేది, బెదిరించేది, అవసరమైతే కంచం లాక్కునేది. ఆవిడ చేతిమీదుగా పథ్యం చేసిన బాలింతలు ఇప్పుడు మనవల్ని ఎత్తుకు తిరుగుతున్నారు కాబట్టి ఆవిడకి ఎదురుచెప్పే మొనగాళ్ళు లేరు.

ఆ పెత్తనం వెనక ఒక భయం ఉంది, అది ఎవరికీ తెలియదు. ఎరుకమ్మ పరికిణీలు కట్టే వయసులో వాళ్ళమ్మకి కడుపులో ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన తల్లి, నోరు చప్పబడిపోయింది, కాసిని కవళ్ళు పులుసు పెట్టవే అని అడిగితే పిల్ల మురిసిపోతూ వండి పెట్టింది. తల్లి వేళ్ళు నాక్కుంటూ తింది. ఆ వారంలోనే కుట్లు చీముపట్టి, జ్వరం వచ్చి, పోయింది. శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు "పిల్ల సేపెట్టి తల్లిని సంపేసుకుందే" అని ఏడ్చారు. తిట్టాలని కాదు, ఏడుపులో వచ్చిన మాట. అయినా అది ఎరుకమ్మ లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. అప్పుడు ఆవిడ చంకలో పాలు మరవని తమ్ముడు ఉన్నాడు. వాడి పేరు గురునాథం.

తమ్ముణ్ని ఆవిడే పెంచింది. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోతే తిరిగి తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. వాడికి కళ అనే పిల్లని తెచ్చి పెళ్ళి చేసింది. మరదల్ని కోడలిలా చూసుకుంది, అంటే ముద్దూ చేసింది, పెత్తనమూ చేసింది. గురునాథం పడవ జతగాడు మల్లేశుతో కలిసి జంగ్లీఘాట్ రేవు నుంచి డోంగీ మీద వేటకి వెళ్ళేవాడు. నడిసముద్రంలో ఇంజను మొరాయిస్తే తెడ్డేసుకుని పడవని ఒడ్డుకి తెచ్చిన భుజాలు అవి. అక్క ముందు మాత్రం యాభై దాటినా చిన్నపిల్లాడే. ఆవిడ కోప్పడితే తల గోక్కుంటూ వీధిలోకి పోయేవాడు.

అలాంటి మనిషికి పెద్దపేగులో కేన్సరని తేలింది. విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. పంపించే ముందు అక్కడి డాక్టరు అక్కనీ, భార్యనీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "గడ్డ మొత్తం తీసేశాం. మళ్ళీ రాకుండా కీమో మందులు ఎక్కించాలి, అవి మీ ఊళ్ళోనే ఎక్కిస్తారు. కానీ అమ్మా, ఆ మందు తట్టుకోవాలంటే ఒంట్లో కండ ఉండాలి. స్కాన్‌లో చూశాను, ఇతనికి కండ అప్పుడే తగ్గింది. ఇలాంటి ఆపరేషన్ తర్వాత కండ నిలబెట్టుకున్నవాళ్ళే ఎక్కువగా గట్టెక్కుతున్నారు. చేపలు, గుడ్లు, పప్పు బాగా పెట్టండి. పడుకోనివ్వకండి, రోజూ నడిపించండి."

"అలాగే బాబూ," అంది ఎరుకమ్మ, ఎంతో వినయంగా.

వరండాలోకి వచ్చాక కళ చెవిలో అంది. "ఆడి సేతులు సూసేవా? సీపురు పుల్లల్లాగున్నాయి. ఈడా మనకి కండ గురించి సెప్పేది!"

కళ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చిన రోజు నుంచీ గురునాథం ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. లేస్తే లోపలి కుట్లు ఊడతాయని ఎరుకమ్మ లేవనిచ్చేది కాదు. స్నానం కూడా మంచం మీదే తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి అయిందనిపించేది. చెంబూ, కుండా అన్నీ అందుబాటులో పెట్టేది. వాడు ఒక్కోసారి మొహమాటపడి, "అప్పా, పెరట్లోకి నేనెల్లగలను," అంటే, "ఎల్లగలవులే, నీ మొగతనం నాకు తెల్సు, పడుకో," అనేది. గుజ్జన్నం కలిపి తనే తినిపించేది. అమ్మకి చెయ్యలేకపోయిన సేవ అంతా ఆ మంచం దగ్గర చేసుకుంది. అంత సేవ చేస్తున్నందుకు ఆవిడ లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది.

వేటకెళ్ళేవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పడవ మీద మనిషి జబ్బుపడి వేటకి రాకపోయినా, ఆ ఇంటి కూరకి చేప వెళ్ళి తీరాలి. మల్లేశు ఒడ్డు చేరగానే ముందు గురునాథం ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు వంజరం ముక్క, ఒకరోజు కానాగంతలు, ఏదీ దొరక్కపోతే కాసిని కవళ్ళు. "భయ్యా కోసం," అని గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. ఎరుకమ్మ వాటిని కడిగి, ఉప్పు రాసి, రేకుల కప్పు మీద ఎండబెట్టేది. ఎండినవాటిని మూత ఉన్న పెద్ద డబ్బాలో దాచేది. ఇంట్లో మిగతావాళ్ళని కూడా ముట్టుకోనిచ్చేది కాదు. అన్నీ తమ్ముడికే, పథ్యం విడిచే రోజుకి.

ఆ కప్పు కింద గదిలోనే వాడి మంచం.

"అప్పా, వాసనొస్తంది," అన్నాడు ఒక పొద్దున. "వంజరం కదా? ఒక్క తలకాయ పులుసెట్టీ అప్పా. రసం ఒక్కటీ తింతాను, ముక్క ముట్టుకోను."

"మందులైపోనీ నాయనా, అప్పుడు తిందువుగాని. నీ నోటికాడికి నేనే తెస్తాను."

"ఆ డాక్టరు తినమన్నాడు గదా?"

"డాక్టరు నిన్ను కోసీసి ఇంటికి పంపినాడు. కుట్లు సెడితే ఆడొచ్చి కూకుంటాడేటి?"

గురునాథం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు అడగలేదు.

కళ మాత్రం ఊరుకోలేకపోయింది. మొగుడి రొమ్ము ఎముకలు బయటపడుతున్నాయి, మణికట్టుకి బిగుతుగా ఉండే వెండికడియం మోచేతి దాకా జారుతోంది. వదిన పక్కింటికి వెళ్ళిన సమయం చూసి గుడ్డు ఉడకబెట్టి పెట్టేది. రెండు మూడుసార్లు సాగింది. ఒకరోజు ఎరుకమ్మ చెత్తబుట్టలో గుడ్డుపెంకులు చూసింది. ఇంకేముంది, ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

"నా తమ్ముణ్ని సంపుకుంటావేటే? నీకు మొగుడు బరువైపోనాడా?"

అనకూడని మాట అది. కళ ముఖం పాలిపోయింది. ఏదో అనబోతుంటే మంచం మీంచి గురునాథం చెయ్యెత్తాడు. "ఛోడో కళా, వదిలీ. అప్ప మాట కాదనకు. నన్ను పెంచిన సెయ్యది."

ఆ రోజునుంచి కళ వంటింట్లో నోరెత్తలేదు. ఎరుకమ్మ గెలిచింది.

కొన్నాళ్ళకి గురునాథం కాళ్ళు నిండాయి. పుల్లల్లా అయిపోయిన పిక్కలు గుండ్రంగా వచ్చాయి, పాదాలు నునుపు తేలాయి. ఎరుకమ్మ కాళ్ళు ఒత్తుతూ చూసుకుని పొంగిపోయింది. చేప తెచ్చిన మల్లేశుని లోపలికి పిలిచి మరీ చూపించింది. "సూడరా, పిక్కలు మల్లీ వచ్చేయి. ఒళ్ళు సేస్తున్నాడు. నా పథ్యం ఊరికే పోద్దేటి?" వీధిలో నాలుగిళ్ళకి వెళ్ళి చెప్పొచ్చింది. ఈ వీధి విడిచి ఊరవతల గరాచర్మలో కొత్తగా ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయిన గవరమ్మకి ఫోన్ చేసి కూడా చెప్పింది. ఆవిడ జీవితంలో అంత ఆనందపడ్డ రోజులు తక్కువ. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది ఆ రోజులకే.

కీమో మొదలుపెట్టడానికి ఆసుపత్రికి రమ్మన్నారు. ఆటో దిగాక గుమ్మం ముందు నాలుగు మెట్లున్నాయి. గురునాథం మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండోకాలు పైకి లేవలేదు. నవ్వబోయి, రెయిలింగు పట్టుకుని, అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. జంగ్లీఘాట్‌లో లంగరు ఒంటిచేత్తో లాగేవాడు. ఎరుకమ్మా, కళా చెరో పక్కనా పట్టి లోపలికి తీసుకెళ్ళారు.

డాక్టరు వీరేంద్ర ఉత్తరాది మనిషి, మితంగా మాట్లాడతాడు. గురునాథం భుజం పట్టుకుని చూశాడు, తొడ పట్టుకుని చూశాడు. పిక్క మీద బొటనవేలు పెట్టి నొక్కి తీశాడు. వేలు పెట్టిన చోట గుంట పడింది. అది పూడలేదు. బంకమట్టిలో వేలు గుచ్చినట్టు అలాగే ఉండిపోయింది.

"యే మాంస్ నహీ హై. పానీ హై," అన్నాడు, ఇది కండ కాదు, నీరని. తర్వాత ఎరుకమ్మ వైపు తిరిగి, "ఖానా నహీ దియా క్యా ఇన్‌కో?" అన్నాడు, తిండి పెట్టలేదా అని.

"దియా సాబ్, టైంకి దియా. నా సేతుల్తో దియా," అంది ఎరుకమ్మ.

ఏం పెట్టారో నర్సు సుష్మ అడిగింది. సుష్మ కూడా తెలుగు పిల్లే, ఇక్కడే పుట్టింది. ఎరుకమ్మ చెప్పింది, మొదట కొంచెం గర్వంగానే. చెబుతూ చెబుతూ ఉండగా ఆ పిల్ల ముఖం చూసి గొంతు తగ్గించింది.

"పెద్దమ్మా," అంది సుష్మ మెల్లగా, "కేన్సరు తీసీసినారు. ఆపరేషన్ ఎక్‌దమ్ బాగా అయింది. మనిషికి తిండి లేక ఒంట్లో కండంతా కరిగిపోనాది. తిండి లేకపోతే ఒళ్ళు కండనే తినీస్తాది. పడుకోబెట్టీసేరు గదా, మిగిలింది అలా పోయింది. ఆ వాపు నీరు పెద్దమ్మా. ఇప్పుడీ మందెక్కిస్తే తట్టుకోలేడు. ముందు మనిషిని నిలబెట్టాల."

ఎరుకమ్మ బల్లమీద కూర్చుండిపోయింది. కళ మొగుడి పంచె సర్ది కాళ్ళు కప్పింది. తిట్టినా బాగుండేది. కాసేపటికి ఎరుకమ్మ సుష్మ చెయ్యి పట్టుకుని, ఎన్నడూ ఎవరినీ అడగని మాట అడిగింది. "అమ్మా, మా అమ్మకి ఆపరేషన్ అయ్యేక నేను సేప పులుసెట్టేను. కుట్లు కుళ్ళిపోయి సచ్చిపోనాది. అది సేప వల్ల కాదేటి?"

"కాదు పెద్దమ్మా. లోపల సూక్ష్మజీవులు చేరితే చీము పడతాది. ఆ రోజుల్లో మందులేవి? సేప తినబట్టి ఎవరూ పోరు."

ఆ పిల్ల ధైర్యం చెప్పాలనే చెప్పింది. కానీ ఎరుకమ్మకి లెక్కంతా తిరగబడింది. ఇన్నేళ్ళూ చెయ్యని తప్పుకి భయపడి బతికింది. ఆ భయంతో ఇప్పుడు నిజంగా తప్పు చేసింది.

ఇంటికి వచ్చీ రాగానే మల్లేశు తెచ్చిన చేప వండింది. చేతులాడక ఉప్పు రెండుసార్లు వేసి, పారబోసి, మళ్ళీ వండింది. ముళ్ళు తీసి, ముద్ద కలిపి నోటికి అందించింది. గురునాథం నమిలాడు, నమిలాడు, మింగలేకపోయాడు. ఇష్టం లేక కాదు. ఆకలి చచ్చిపోయింది. దవడలు కూడా అలిసిపోతున్నాయి. అయినా అక్క ముఖం చూసి ఇంకో ముద్ద తిన్నాడు, అదీ వాంతి అయింది. గుడ్డుసొన పాలలో కలిపిచ్చింది, పప్పు రుబ్బి ఇచ్చింది. డోంగీ తాడు తెచ్చి గదిలో ఆ చివరికీ ఈ చివరికీ కట్టి, పట్టుకుని నడవమంది. పక్కన తను నడిచింది, వెనక కళ నడిచింది. చంటిపిల్లాడప్పుడు తమ్ముడికి నడక నేర్పింది కూడా ఆవిడే. అప్పుడు వాడు రోజురోజుకీ దూరం వెళ్ళేవాడు. ఇప్పుడు రోజురోజుకీ తాడు సగంలోనే ఆగిపోతున్నాడు.

ఒక సాయంత్రం ఆగిపోయి, ఆవిడ భుజం మీద తల ఆనించాడు.

"నీకు తిండెట్టకుండా సేసీసినాను తమ్ముడా," అంది ఎరుకమ్మ. ఏడుపు ఆపుకోలేకపోయింది. "నువ్వడిగేవు. నేనెట్టలేదు."

"నువ్వెట్టిందే కదప్పా నేను తిన్నది. చిన్నప్పట్నుంచీ," అన్నాడు వాడు. ఓదార్చాలనే అన్నాడు పాపం.

దగ్గు మొదలైంది. కళ్ళె బయటికి తోసే బలం రొమ్ముకి లేకపోయింది. న్యుమోనియా అని ఆసుపత్రిలో పెట్టుకున్నారు. అక్కడ్నుంచి గురునాథం ఇంటికి రాలేదు. ఆఖరి స్కాన్‌లో కూడా కేన్సరు ఎక్కడా కనిపించలేదని సుష్మ కళకి చెప్పింది. ఆ మాట కళ వదినకి చెప్పలేదు. వదిన తలుపు పక్కనే నిలబడి వింది.

పదకొండోరోజున చనిపోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టాలన్నారు. ఎరుకమ్మ డబ్బా దించి ఎండుచేపలు తీసింది. కళ వచ్చి డబ్బా మీద చెయ్యి వేసింది.

"వద్దొదినా. బతికున్నప్పుడు ఎట్టలేదు. ఇప్పుడెట్టి ఏం లాభం?"

అన్ని రోజుల్లో కళ అన్న మాట అదొక్కటే. ఎరుకమ్మ మూత పెట్టేసింది. విస్తరిలో చేప లేకుండానే ఆ రోజు గడిచింది.

వీధివాళ్ళు మాత్రం వేరేలా మాట్లాడారు. కేన్సరుకి ఎవరైనా ఏం చెయ్యగలరు, తల్లి కూడా అంత సేవ చెయ్యదు, ఎరుకమ్మ కాబట్టి ఇన్నాళ్ళు నిలబెట్టింది అన్నారు. "కాదే, నా పథ్యమే ఆణ్ని తినీసింది," అని ఆవిడ అంటే, దుఃఖంలో ఉంది, మతి చలించింది అని జాలిపడ్డారు. తిట్టేవాళ్ళు ఒక్కరు దొరికినా ఆవిడకి కాస్త ఊరటగా ఉండేది.

అప్పుడు గవరమ్మ ఫోన్ వచ్చింది. ఆవిడ మొగుడు అప్పలరాముడికి పొట్టలో గడ్డకి ఆపరేషన్ అయింది, చెన్నై నుంచి గరాచర్మ ఇంటికి తెచ్చుకున్నారు. "మీ తమ్ముడికి ఎట్టినట్టే ఎడతన్నానప్పా. గుజ్జన్నం, బీరకాయ. మంచం దిగనివ్వట్లేదు. నువ్వొకసారి వచ్చి సూసి ఎల్లు."

ఎరుకమ్మ ఫోన్ పెట్టేసి లేచింది. డబ్బా దించింది. ఈసారి కళ అడ్డుపడలేదు. గుమ్మంలో నిలబడి చూసింది. ఎండుచేపలు నీళ్ళలో నానేసి, చింతపండు పిసికి, ఎరుకమ్మ పులుసు పెడుతుంటే వచ్చి పొయ్యి సన్నం చేసింది.

"ఆ రోజు ఇశాపట్నంలో నేను కూడా నవ్వేనొదినా," అంది. "నేను కూడా నవ్వేను."

ఎరుకమ్మ పులుసు దించింది. కళ క్యారేజీ కడిగి తెచ్చింది. పులుసు అందులో పోసుకుని, గరాచర్మ బస్సెక్కి ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కాకుండా, పక్కపక్కన కూర్చున్నారు.

గవరమ్మ కొత్తింటి గుమ్మంలోనే ఆపేసింది. వాసన పసిగట్టి క్యారేజీకి అడ్డంగా చెయ్యి పెట్టింది. "అయ్యో, సేపేటప్పా? నువ్వు సెప్పిన పథ్యమే కదా. మందులైపోనీ, అప్పుడు తింతాడు."

ఎరుకమ్మ క్యారేజీ వెనక్కి తియ్యలేదు. ఈ మాట తనదే. ఎంత ప్రేమగా అనేదో, ఎంత ధైర్యంగా అనేదో గుర్తొచ్చింది. గవరమ్మ కూడా అంత ప్రేమగానే అంది.

లోపల మంచం మీంచి నీరసంగా గొంతు వినిపించింది. "ఏం కూరే అది? వాసనొస్తంది."

"గవరమ్మా," అంది ఎరుకమ్మ, "మా అమ్మని నేను సంపలేదు. మా తమ్ముణ్ని సంపేను. ఏడుపులో అంటన్నాననుకోకు. నీ మొగుణ్ని కోసిన డాక్టరుకి ఫోన్ చెయ్యి. సేప ఎట్టమంటాడో, వద్దంటాడో అడుగు. ఆయన వద్దంటే ఇలాగే తిరిగెల్లిపోతాను."

గవరమ్మ ఫోన్ చేసింది. గుమ్మంలో నిలబడే విన్నారు ముగ్గురూ. పెట్టమన్నాడు. అసలు ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదని అడిగాడు. గవరమ్మ తప్పుకుంది.

ఎరుకమ్మ మంచం పక్కన కూర్చుని అన్నంలో పులుసు కలిపింది. ముల్లు లేకుండా చూసి చూసి ముక్క తీసింది. ముద్ద చేసి నోటికి అందించింది. అప్పలరాముడు ముద్ద అందుకుని కళ్ళు మూసుకుని నమిలాడు. అది ఎవరికోసం ఎండబెట్టిన చేపో అతనికి తెలియదు.

"ఇంకొకటెట్టప్పా," అన్నాడు.

ఎరుకమ్మ పెట్టింది. మళ్ళీ అడిగాడు, మళ్ళీ పెట్టింది. ఇంత చిన్న మాట తమ్ముడు అడిగినప్పుడు తను ఎలా కాదనగలిగిందో ఆవిడకి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.